రేకు అంచు దాటిన ఆకుపచ్చ

రంగులక్క పనిలో చేరేనాటికి దేశానికింకా పాలపళ్ళు ఊడలేదు. జెండా కొత్తది, నాణేలు కొత్తవి, మంత్రులు తొడుక్కున్న కోట్లు కూడా కొత్తవే. పటాలు అచ్చువేసే సర్కారు ఆఫీసు మాత్రం పాత దొరలెవరో వదిలిపోయిన గుర్రపుసాల. గోడల్లో ఇనుప కడియాలు అలాగే ఉండేవి. పనికొచ్చిన ఆడవాళ్ళు వాటికి భోజనం సంచులు తగిలించుకునేవారు. వానొస్తే ఇప్పటికీ గుర్రాల వాసన కొడుతోందని ఒకావిడంటే, కాదమ్మా, అవి సూపరింటెండెంటు గారి బూట్లని ఇంకొకావిడ అనేది.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది, కాదనను. జీతాల రోజు తప్ప దాన్నెవరూ పలికిన పాపాన పోలేదు. చిన్నాపెద్దా అందరికీ ఆమె రంగులక్కే. తండ్రి వయసున్న సూపరింటెండెంటు గారు కూడా అక్కా అనే పిలిచేవాడు, సిగ్గులేకుండా.

ఆ ఆఫీసులో పటం ఎలా తయారయ్యేదో ఒకసారి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ముందు కాగితం మీద ఏరులూ కొండలూ లేత బూడిదరంగులో పడతాయి. ఆ తర్వాత రంగులు. అన్నిటికంటే చివర నల్ల అచ్చు: ఊళ్ళ పేర్లూ, సరిహద్దు చుక్కల గీతా అందులోనే వస్తాయి. రంగులు మిషను వేసేది కాదు, ఆడవాళ్ళు చేత్తో వేసేవారు. పల్చటి రేకులో దేశం ఆకారాన్ని కత్తిరించి తీసేస్తారు. ఆ రేకును కాగితం మీద పరిచి, కన్నంలోంచి పొట్టి కుచ్చుతో రంగు అద్దాలి. ఒక్కో బల్లకు ఒక్కో రంగు. మనకు గులాబీ, తూర్పున పొరుగుదేశానికి ఆకుపచ్చ. గులాబీ బల్లకు పెద్ద రంగులక్క. ఆమె అద్దితే రంగు అంచు దగ్గర గీత గీసినట్టు ఆగేది.

దేశం చిన్నపిల్లలాగే ఊరికే ఒక చోట ఉండేది కాదు. ముందు పడమటి కొండలొచ్చి కలిశాయి. కొండల దొర సంతకం పెట్టాడో, చెయ్యి పట్టుకుని పెట్టించారో ఆ దేవుడికే తెలియాలి. ఆ రోజు ఆఫీసులో మిఠాయి పంచారు, గులాబీ రంగు డబ్బా ఒకటి ఎక్కువ తెరిచారు. తర్వాత దక్షిణాన ఉప్పు బీడు పోయింది. పోయింది అనకూడదు, సర్దుబాటు అనాలని పై నుంచి ఉత్తర్వు. అక్కడ కొంగలు తప్ప ఎవరున్నారులే అని సూపరింటెండెంటు గారు తేల్చేశాడు. ఉప్పు పండించుకు బతికేవాళ్ళు బోలెడుమంది ఉన్నారని తర్వాత తెలిసింది. వాళ్ళు ఏడ్చే ఉంటారు. రాజధానిదాకా వినబడలేదు, మనవాళ్ళు పనుల్లో ఉన్నారు మరి.

దేశం మారిన ప్రతిసారీ పాత రేకులు పనికిరాకుండా పోయేవి. ఆడవాళ్ళు వాటిని ఇళ్ళకు పట్టుకుపోయి ముక్కలు చేసుకుని డబ్బాల మీద మూతలేసుకునేవారు. కొత్త రేకులు కత్తిరించేవాడు ఒక్కడే ఉండేవాడు. బక్కపలచటి మనిషి, మాట తక్కువ, చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు. రేకులాయన అనేవారు. రంగులక్కకు అంచు గరుకుగా తగిలినప్పుడల్లా రేకు పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళేది, ఆయన ఆకురాయితో సాపు చేసి ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు ఏ గరుకూ లేని రేకులు కూడా సాపుకు వెళ్ళడం మొదలైంది. బల్లల దగ్గర ముసిముసి నవ్వులు. ఆ ఏడే పెళ్ళయింది.

పెళ్ళయ్యాక ఆమె గొప్ప మామూలుగా లేదు. గీత గీసేది పెద్దలు, కత్తిరించేది మా ఆయన, నింపేది నేను, మేం ముగ్గురం కలిస్తేనే దేశం అని చెప్పుకునేది. కూరగాయలామె దగ్గర కూడా ఇదే సోది. కూరగాయలామె తూకం తక్కువేసి పంపేది.

ఆమెకు పుట్టిల్లంటూ మిగిలింది అక్క ఒక్కతే. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది, జడలేసింది, తను చదువు మానుకుని చెల్లెల్ని బడికి పంపింది. ఆ అక్కను తూర్పున ఏటి అవతల ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకిచ్చారు. ఏరు దాటితే ఊరు, ఊరు దాటితే చిన్న చిన్న గుట్టలు, గుట్టలు దాటితే పొరుగుదేశం. అంటే ఏటికి రెండొడ్లూ మనవే. వంతెన మీద రైలూ బళ్ళూ పోయేవి. నెలకోసారైనా అక్క వచ్చేది, లేదా రంగులక్క వెళ్ళేది. బావ ఆమె కళ్ళు పరీక్షించి, నీకు అద్దాలక్కర్లేదు చిన్నీ, నువ్వే మాకు చూసిపెట్టాలి అనేవాడు.

ఉన్నట్టుండి చర్చలని మొదలయ్యాయి. పొరుగుదేశం ఓడరేవుకు దారిస్తానందట, బదులుగా ఏదో కావాలందట. ఆ ఏదో ఏమిటని పత్రికలు తలొక మాటా రాశాయి. కొందరు ఉత్తరాన అడవి అన్నారు. కొందరు ఏటి అవతల ఊరు అన్నారు. ఆ ఊళ్ళో సగంమంది సామాను కట్టి, విప్పి, మళ్ళీ కట్టారు. సరిహద్దు గుట్టల మీద నుంచి ఏటికి దిగితే వంతెన మూసేస్తారు, అప్పుడు అక్క అక్కడే ఉండిపోతుంది, రంగులక్క ఇక్కడ. ఆ ఆలోచన వస్తే ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆఫీసులో అందరి చేతా ప్రమాణం చేయించారు, ఇక్కడ చూసింది బయట చెప్పనని. రంగులక్క కూడా చెయ్యెత్తి గట్టిగానే చదివింది. చదువుతూనే, మా అక్క విషయమొస్తే నీ ప్రమాణాన్ని ఏట్లో కలుపుతాను అని మనసులో అనుకుంది. పక్కనే రేకులాయన కూడా చెయ్యెత్తాడు. ఆయన మనసులో ఏమనుకున్నాడో ఆమె అడగలేదు. మొగుడే కదా, వేరే మనసు ఎందుకుంటుంది అనుకుంది, పిచ్చిది.

ఆ తర్వాత బల్లలు మార్చారు. గులాబీని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు. రంగులక్కకు ఆకుపచ్చ ఇచ్చారు. సరే, రంగేదైతేనేం అని కూర్చుంది. మొదటి కాగితం మీద రేకు పరిచి అద్దబోతే చిన్న అనుమానం వచ్చింది. గుట్టల్ని సూచించే సన్నగీతలు రేకు కన్నంలోంచి కనబడుతున్నాయి. కనబడకూడదు, కన్నం వాటికి అవతలే ఆగాలి. పటంలో గుట్టలకూ ఏటికీ మధ్య ఉన్నది బియ్యపు గింజంత జాగా. రేకు అంచు అరిగిపోతే రంగు ఆ మాత్రం పాకడం మామూలే. ఆ ఆఫీసులో రేకు అరగడమంటే ఇంట్లో చీపురు అరిగినట్టు, ఎవరూ వింతగా చూడరు. పనితనం ఉన్న మనిషి గనక, ఆమె కుచ్చును వెనక్కి పట్టి గుట్టల దగ్గరే ఆకుపచ్చను ఆపింది. ఒక కట్ట అలాగే వేసింది. తనిఖీ గుమస్తా ఆ కట్టను తిప్పి పంపాడు. అంచు పొడవునా తెల్లగా వదిలేశావు, నిద్రపోతున్నావా అన్నాడు.

మండిపోయి రేకు తీసుకుని నేరుగా రేకులాయన దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ, మీ రేకు గుట్టలు దాటుతోంది చూశారా?"

ఆయన తలెత్తలేదు. "అరిగింది. కొత్త రేకు ఇంకా సరఫరా కాలేదు. నువ్వు అంచుదాకా అద్దేయ్. నల్ల అచ్చులో గీత సరిగ్గానే పడుతుంది."

మీ చేతిపని కూడా అరిగిపోతోందన్నమాట అని ఎగతాళి చేసి, నవ్వుకుంటూ తన బల్లకొచ్చింది. ఆయన నవ్వలేదు. మామూలుగానే ఎక్కువ నవ్వే మనిషి కాదు గనక ఆమె పట్టించుకోలేదు. అంచుదాకా అద్దింది. కట్టల తర్వాత కట్టలు, చేతివేళ్ళు ఆకుపచ్చగా నానిపోయేదాకా.

ఆ వారంలోనే అక్క వచ్చింది. రాజధానిలో చెల్లెలి వీధి చివర ఒక కొట్టు ఖాళీ అయిందని, అద్దెకు అడిగితే ఇస్తారని ఎవరో చెప్పారట. దుకాణం ఇక్కడికి మార్చేయాలా, అక్కడే ఉండాలా అన్నది తేల్చుకోవడానికి వచ్చింది. బావకు అక్కడ పాతికేళ్ళ గిరాకీ, పెద్దపిల్ల అక్కడే బళ్ళో పంతులమ్మ. ఊరికే వదిలేసి రావడానికి మనసొప్పడం లేదు. భోజనాల దగ్గర అక్క ఉండబట్టలేక అడిగేసింది.

"మరిదిగారూ, మీరిద్దరూ ఆ ఆఫీసులోనే ఉంటారు. ఏ రహస్యమూ చెప్పొద్దు. రమ్మంటారా, ఉండమంటారా, ఒక్కమాట చెప్పండి చాలు."

రేకులాయన మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఉండండి వదినా. అవన్నీ పత్రికలవాళ్ళ కూతలు."

అక్క చెల్లెలి వైపు చూసింది. రంగులక్కకు ఛాతీ పొంగిపోయింది. "పిచ్చి అక్కా, ఆకుపచ్చ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. నా చేతిమీదుగా పోకుండా గీత ఎలా కదులుతుందే? కదిలితే నీకు చెప్పనా?"

అక్క ఆ మాటతో మారు అన్నం అడిగి మరీ తింది. సాయంత్రం రైలెక్కేముందు కొట్టు యజమానికి వద్దని చెప్పేసింది. చెల్లెలి బుగ్గ మీద ఆకుపచ్చ మరక ఉంటే కొంగు తడిపి తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే.

ఒప్పందం సంగతి ఒకరోజు పొద్దున్నే రేడియోలో చెప్పారు. చెప్పేసరికే వంతెన మీద ముళ్ళకంచె దిగింది. ఓడరేవు దారి మనది, ఏటి అవతలంతా వాళ్ళది. చారిత్రక విజయం అని మంత్రిగారు గొంతు బొంగురుపోయేలా చెప్పాడు. రంగులక్క చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసుకు పరిగెత్తింది. నల్ల అచ్చు పడిన పటాలు తాళ్ళ మీద ఆరుతున్నాయి. అక్క ఊరి పేరు వెతికింది. పేరు మన గులాబీలో లేదు. ఆకుపచ్చలో ఉంది. రంగు ఏటి ఒడ్డున చక్కగా ఆగింది, ఒక్క చుక్క ఇవతలికి చిందలేదు. ఎవరి పనితనమో చూడగానే తెలిసిపోయింది.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? రేకులాయన తన బల్ల దగ్గరే ఉన్నాడు. ఆమె వస్తుందని తెలిసినట్టు పనిముట్లన్నీ పక్కకు సర్దిపెట్టుకుని కూర్చున్నాడు.

"మీకు తెలుసు," అంది.

"ప్రమాణం చేశాను. నీకు చెబితే వదినకు చెబుతావు. వదిన చెబితే ఊరంతా వంతెన మీద పడుతుంది. నన్ను గోడకు నిలబెట్టి కాల్చేవాళ్ళు."

"సరే, చెప్పలేకపోయారు. భయమేసింది. అది నాకు అర్థమవుతుంది. మరి అక్క అడిగినప్పుడు నోరు మూసుకోవచ్చుగా? మీరు పలక్కపోతే అది అనుమానపడి వచ్చేసేది. ఉండమని ఎందుకన్నారు?"

ఆయన పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. "పలక్కపోతే చెప్పినట్టే అయ్యేది," అన్నాడు.

"ఆకుపచ్చ నా బల్లకెందుకు పంపారు?"

"సూపరింటెండెంటు గారు అడిగాడు, ఎవరి చెయ్యి కుదురుగా ఉంటుందని. నీ పేరు చెప్పాను."

చుట్టూ ఆడవాళ్ళు కుచ్చులు పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయారు. రంగులక్క అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "నువ్వు మనిషివేనా?" అని మాత్రం అడిగింది. పెళ్ళయ్యాక ఆయన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు. ఆ తర్వాత ఎన్నడూ మీరు అనలేదు.

ఎక్కడికి పోతుంది? పుట్టిల్లుంటే వెళ్ళిపోయేదే, ఆ పుట్టింటినే కదా ఆయన అవతలికి కత్తిరించేసింది. అదే ఇంట్లో ఉంది. వండింది, వడ్డించింది, ఆయనకు జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చింది. మాట మాత్రం అవసరానికే. ఆఫీసులో మళ్ళీ గులాబీ బల్లకు రమ్మన్నారు. గులాబీ వద్దు, ఆకుపచ్చా వద్దు, సముద్రం ఇవ్వండి అంది. అప్పట్నుంచీ నీలం అద్దుకుంటూ కూర్చుంది. సముద్రాన్ని ఎవరూ ఎవరికీ ధారపోయరని ఆమె నమ్మకం. దానికీ హద్దులు గీస్తారని ఎవరో చెబితే ఆ పూటంతా చిరాకుపడింది.

అవతలి కబుర్లు అప్పుడప్పుడు లారీ డ్రైవర్ల నోట వచ్చేవి. సరుకు లారీలు మాత్రం వంతెన దాటనిచ్చేవారు. బావ దుకాణం ముందు నిలబడి ఇతను వాళ్ళ మనిషి అని కేకలేశారట. గిరాకీ పోయిందట. పెద్దపిల్లను బళ్ళోంచి తీసేశారట, ఆ దేశపు పాఠం ఈమెకేం తెలుసని. ప్రతిసారీ రంగులక్క డ్రైవరును అడిగేది, అక్క నాకేమైనా చెప్పమందా అని. ఏమీ లేదమ్మా అనేవాడు. ఒకసారి మాత్రం ఒక డ్రైవరు తటపటాయించి, "చిన్నీని నేనేమీ అనను, దాని మాట నమ్మి మేం ఉండిపోయాం, అంతే అని చెప్పమందమ్మా" అన్నాడు. ఆ రోజు ఆమె లారీ చక్రం పక్కన కూలబడి ఏడ్చింది. మొగుడి మీద కోపం ఒక ఎత్తు. కానీ అక్క రైలెక్కింది ఆయన మాట విని కాదు, తన మాట విని. అది ఆమెను లోపల పురుగులా తొలిచేది.

ఏళ్ళు గడిచాయి. మంత్రులు మారారు, కోట్లు మాశాయి. ఓడరేవు దారిలో పొరుగుదేశం సుంకాలు పెంచిందని గొడవ, కొట్లాట, మళ్ళీ చర్చలు. ఒక మధ్యాహ్నం రేకులాయన వేళకాని వేళ ఇంటికొచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది, చెవి వెనక పెన్సిలు మాత్రం అలాగే ఉంది. వంటింటి గడప మీద నిలబడి చెప్పాడు.

"ఈ ఉదయం గులాబీకి కొత్త రేకు కత్తిరించాను. గీత మళ్ళీ గుట్టల మీదికి పోతోంది. ఊరు మనకొస్తుంది. ఇంకా ఎవరికీ తెలియదు. నీకే ముందు చెబుతున్నా."

చేతులు కాలాక ఆకులు తెచ్చాడు మహానుభావుడు. ఆమె నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఆయన బతిమాలాడు. ప్రమాణం సంగతి మర్చిపోయి ఆఫీసుకు తీసుకెళ్ళాడు, బల్ల కింద గుడ్డలో చుట్టిన రేకు తీసి ఆమె చేతిలో పెట్టాడు. పట్టుబడితే ఇద్దరి పనీ అయిపోయేది. ఆమె రేకును పాత పటం మీద పరిచి చూసింది. ఏరు లోపలుంది. ఊరున్నచోటు లోపలుంది. గుట్టల గీతల దగ్గర అంచు ఆగింది. వేలితో అంచంతా తడిమింది, ఎక్కడా అరుగుదల లేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. పోనీలే, మనిషి ఇన్నాళ్ళకు మనిషయ్యాడు అనిపించింది.

ఆ రోజే తెలిసిన లారీ డ్రైవరును పట్టుకుంది. ఇల్లు అమ్మొద్దు, ఎక్కడికీ కదలొద్దు, ఊరు మళ్ళీ ఇవతలికొస్తోంది, ఈసారి నా కళ్ళతో చూశాను అని చెప్పమంది. పొల్లు పోకుండా అప్పజెబుతానని డ్రైవరు మాటిచ్చాడు. రంగులక్క ఆ నెలంతా కూనిరాగాలు తీస్తూ నీలం అద్దింది. సముద్రం ఒకటి రెండు చోట్ల ఒడ్డెక్కింది కూడా.

ఒప్పందం కుదిరి వంతెన తెరిచిన రోజు జనం తండోపతండాలుగా ఉన్నారు. రేకులాయన కూడా బయల్దేరాడు, ఇవతలి చివర ఆగిపోయాడు. ముందు నువ్వెళ్ళు, వదిన రమ్మంటే వస్తాను అన్నాడు. ఆమె ఒక్కతే దాటింది. దారి మర్చిపోలేదు. రైలుకట్ట పక్కనే సందు, సందు మలుపులో దుకాణం. దుకాణం ఉంది. లోపల ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నారు. మేడమీద కిటికీలో ఎవరివో పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి.

పక్కింటి పెద్దావిడ ఆమెను పోల్చుకుంది. ముఖం అక్క పోలికే కదా. లోపలికి పిలిచి కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, అటూ ఇటూ చూసి, ఇక చెప్పక తప్పదన్నట్టు కూర్చుంది.

"లారీ అతను వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నానమ్మా. కదలొద్దని మీరు చెప్పమన్నారని చెప్పాడు. మీ బావగారు సంబరపడ్డారు. మీ అక్క మాత్రం చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత లేచి అంది కదా, సామాను కట్టండి, చిన్నీ ఉండమందంటే ఇక్కడేదో కొంప మునగబోతోంది అని. ఆ వారమే ఇల్లు అమ్మేశారు. ఆ దేశంలో ఆ చివర, సముద్రం దగ్గరికి పోయారు. ఇప్పుడు గుట్టల అవతల నుంచి ఇటు రానివ్వడం లేదుగా."

ఆ మంచినీళ్ళు రంగులక్క తాగలేదు. పెద్దావిడ ఇంకేదో చెబుతూనే ఉంది, వెళ్ళేముందు అక్క గుమ్మం ఊడ్చి మరీ వెళ్ళిందని, పెద్దపిల్ల ఏడ్చిందని. అన్నిటికీ తలూపి లేచింది. సందులోంచి, రైలుకట్ట మీదుగా, ఎదురొచ్చే జనాన్ని తోసుకుంటూ వంతెన ఎక్కింది. అందరూ నవ్వుతూ అటు పోతున్నారు. ఆమె ఒక్కతే ఇటు వస్తోంది.

రేకులాయన వదిలేసిన చోటే నిలబడి ఉన్నాడు. తలకు నూనె రాసుకుని దువ్వుకున్నాడు, వదినను చూడాలని. ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని మెడ చాచి చూశాడు.

"వదిన ఏదీ?"

"వెళ్ళిపోయింది," అంది రంగులక్క. "నేను ఉండమన్నానని."